జవాబులు: కరోకే మార్కులు, ఆడవారి గొంతు

ప్రశ్న: మేము టోక్యోలోని నిషికసాయిలో ఉంటున్నాము. మా ఆఫీసువాళ్ళు నెలకొకసారి కరోకే గదికి వెళ్తారు. వెళ్ళినప్పుడల్లా మార్కుల యంత్రాన్ని కూడా ఆన్ చేస్తారు. చిన్నప్పుడు నేను అయిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, అయిదున్నర శ్రుతిలో పాడేదాన్ని. అయినా నాకు 80 దాటడం గగనమైపోతోంది. సంగీతం అసలే రాదనే మా సహోద్యోగిని మాత్రం 90 తెచ్చుకుంటోంది. ఆడవాళ్ళకు మార్కులు తెచ్చిపెట్టే జపనీస్ పాటలు ఏవైనా చెప్పగలరా?

జవాబు: పాటల పేర్లకు వెళ్ళేముందు ఆ యంత్రం ఏం వింటుందో తెలుసుకుంటే, మీ 80 వెనక ఉన్న కథ మీకే అర్థమవుతుంది. మీరు పాడుతున్నంతసేపూ తెర పైభాగంలో చిన్న చిన్న అడ్డగీతలు కదులుతూ ఉంటాయి. అవి పాట స్వరాలు. మీ గొంతు సరిగ్గా గీత మీద పడితే అది రంగుతో నిండుతుంది, పైకో కిందికో పోతే ఆ తేడా పక్కనే కనబడుతుంది. దామ్ అనే రకం కరోకే యంత్రాల్లోని సూక్ష్మ మార్కుల పద్ధతి మూడు దశాంశ స్థానాల దాకా లెక్క తేలుస్తుంది. స్వరశుద్ధి, నిలకడ, భావ వ్యక్తీకరణ, లయ, దీర్ఘస్వరమూ కంపనమూ అని అయిదు కోణాల పటం గీసి చూపిస్తుంది. వీటిలో పెద్ద వాటా స్వరశుద్ధిదే.

ఇబ్బందంతా అక్కడే వస్తోంది. మీరు నేర్చుకున్న సంగీతంలో స్వరం ఒకచోట నిలబడి ఉండదు. గాంధారాన్ని కంపితంతో పాడితే గొంతు రెండు స్వరాల మధ్య ఊగుతుంది. మన చెవికి గాంధారం పలికినట్లు వినిపించేది ఆ ఊపుతోనే. యంత్రానికి మాత్రం మీరు గీతకు కిందా పైనా తిరుగుతున్నట్టే కనబడుతుంది. అది మెచ్చుకునే కంపనం దీర్ఘస్వరం చివర చిన్నగా, సమంగా, ఒకే వేగంతో వచ్చేది. మీ సహోద్యోగిని స్వరాన్ని తిన్నగా పట్టుకుని వదిలేస్తోంది కాబట్టి గెలుస్తోంది. మీకు ఒక సలహా, కాస్త బాధగానే చెబుతున్నాను: ఆ గదిలో ఉన్నంతసేపు గమకాన్ని, అంటే స్వరాన్ని అలా ఊపడాన్ని, ఇంటి దగ్గర వదిలి వెళ్ళండి. సరళీ స్వరాలు నేర్చుకునే రోజుల్లో సాదాగా సరిగమలు పాడేవారు చూడండి, ఆ గొంతు కావాలి. అయితే మీ విద్య పూర్తిగా వృథా కాదు. కింది స్వరం నుంచి జారుతో పై స్వరాన్ని అందుకోవడాన్ని వాళ్ళు షకురి అంటారు, మన సంగతుల్లోని చిన్న విరుపును పోలిన దానిని కొబుషి అంటారు. రెండింటినీ యంత్రం లెక్కపెట్టి భావ వ్యక్తీకరణ కింద వేస్తుంది. పాటకు నాలుగైదు చోట్ల వస్తే చాలు, ప్రతి మాటకూ జోడిస్తే స్వరశుద్ధి దెబ్బతింటుంది.

రెండో సంగతి శ్రుతి. అయిదున్నరలో మీరు తారషడ్జం (పై ‘స’) దాటి గాంధారం, మధ్యమం దాకా వెళ్ళి వచ్చేవారు, కాని అక్కడే కాపురం పెట్టేవారు కాదు. జపాన్ గాయనుల పాటల్లో పల్లవి వంటి భాగాన్ని సబి అంటారు. అది చాలా పాటల్లో మీ తారషడ్జానికి పైనే, నిండు గొంతుతో నిలబడి ఉంటుంది. దానికి తోడు చివరి సబికి ముందు శ్రుతి ఇంకొంచెం పైకి ఎక్కించే అలవాటు కూడా వాళ్ళకు ఉంది. అందువల్ల పాటను ఎంచుకునేటప్పుడు మొదటి చరణం పాడి చూసి సంతోషపడవద్దు. ఆఖరి సబిని వరుసగా రెండుసార్లు పాడి చూసుకోండి. రెండోసారి గొంతు బిగుసుకుంటే పాటలు ఎంచుకునే డెన్మోకు పలకలో కీ (పాట శ్రుతి) తగ్గించండి. ఒక్కో అంకె హార్మోనియం మీద పక్క మెట్టుతో సమానం. కీ తగ్గిస్తే తెర మీది గీతలు కూడా దాంతోపాటే మారతాయి కాబట్టి మార్కులు పోతాయన్న భయం అక్కరలేదు. అసలు కీలో పాడటమే గొప్ప అనుకుని అరిచి పాడేవాళ్ళ నిలకడ మార్కులు చూస్తే జాలేస్తుంది.

ఇక పాటలు. మొదటిది 1914 నాటి బడిపాట ‘ఫురుసాతో’. సొంత ఊరిని తలచుకునే పాట. నడక నెమ్మది, వ్యాప్తి దాదాపు ఒక స్థాయి (‘స’ నుంచి పై ‘స’ దాకా), స్వరాలు మన శంకరాభరణానివే. దూకుళ్ళు తక్కువ కనుక గీతను వదలకుండా పాడవచ్చు. ఆఫీసులో దీనిని చిన్నపిల్లల పాట అంటారేమోనని సంకోచించవద్దు. నేను చూసినంతవరకు ఈ పాట మొదలుపెడితే పెద్దవాళ్ళు గ్లాసు కింద పెట్టి వింటారు.

రెండవది ‘నాద సోసో’. మొరియామా ర్యోకో తన అన్నయ్యను తలచుకుని రాసిన మాటలకు ఒకినావా బృందం బిగిన్ స్వరం కట్టింది. 2001లో నత్సుకావా రిమి పాడిన తరువాత ఇంటింటి పాట అయింది. దీర్ఘస్వరాలు దండిగా ఉన్నాయి కనుక నిలకడకూ, చివర చిన్న కంపనానికీ చోటు దొరుకుతుంది. మీ గొంతుకు నాకు తోచినది ఇదే. కీ రెండు మూడు మెట్లు తగ్గించి చూడండి.

వేగంగా మాటలు కురిసే కొత్త పాటలనూ, పెద్ద పెద్ద దూకుళ్ళున్న కార్టూన్ చిత్రాల పాటలనూ కొన్నాళ్ళు పక్కన పెట్టండి. అవి సరదాకు బాగుంటాయి, మార్కులకు కావు.

ప్రశ్న: నాకు జపనీస్ చదవడం అంతంతమాత్రం. ఉచ్చారణ తప్పితే మార్కులు తగ్గుతాయా?

జవాబు: తగ్గవు. యంత్రం మాటలను వినదు, స్వరాన్నీ సమయాన్నే వింటుంది. ‘లలలా’ అని పాడినా అది కాదనదు, పక్కన కూర్చున్నవాళ్ళే కాదంటారు. అయితే ఉచ్చారణ లయను మార్చేస్తుంది కనుక ఒక చిక్కు ఉంది. తెలుగులాగే జపనీస్ కూడా చాలావరకు అచ్చులతో ముగిసే భాష, అది మనకు వరం. కాని మన సున్న ముందు అక్షరంలో కలిసిపోయి దానిని గురువు చేస్తే, వాళ్ళ ‘న్’ విడిగా ఒక మాత్ర తీసుకుంటుంది, పాటలో తరచు ఒక స్వరం కూడా దానిదే అవుతుంది. ‘హోన్’ అనే మాటను మనం ఒక్క ఊపులో అనేస్తాం, వాళ్ళు ‘హో’ ఒక దెబ్బ, ‘న్’ ఇంకో దెబ్బగా పాడతారు. అలాగే ద్విత్వం ముందు వచ్చే చిన్న మౌనం కూడా ఒక మాత్రే. ఇంట్లో పాటను వేళ్ళతో తాళం వేస్తూ, స్వరం లేకుండా మాటలు మాత్రమే చదవండి. ఎక్కడ ముందుకు పరుగెత్తుతున్నారో రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

ప్రశ్న: మగవాళ్ళు పాడిన పాటలు ఆడవాళ్ళు ఎంచుకుంటే నష్టమా?

జవాబు: నష్టం లేదు, ఒక్కోసారి లాభమే. స్వరం సరైనదైతే స్థాయి మారినా ఆ యంత్రం ఒప్పుకుంటుంది. అందువల్ల మగవాళ్ళ పాటను ఒక స్థాయి పైన పాడినా, తక్కువ గొంతున్నవారు అదే స్థాయిలో పాడినా ఇబ్బంది రాదు. సకమోటో క్యూ 1961లో పాడిన ‘ఉయె ఓ ముయితే అరుకో’ను తీసుకోండి. 1963లో అమెరికాలో సైతం అగ్రస్థానానికి ఎక్కిన పాట ఇది. మొదటి పంక్తులు వింటే మన చెవికి మోహన రాగం తడుతుంది. మధ్యమమూ నిషాదమూ తీసేసిన అయిదు స్వరాల మెట్లు జపాన్ పాటల్లో పాతకాలం నుంచి ఉన్నాయి, వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు యోనానుకి. మోహనలో గీతమో వర్ణమో పాడిన గొంతుకు ఆ పంక్తులు ఇట్టే పట్టుబడతాయి. మధ్యలో వచ్చే భాగంలో మాత్రం రాగం దారి తప్పుతుంది, అక్కడ జాగ్రత్త. సకమోటో గారు మాటలను ఎక్కిళ్ళలా విరిచి పాడిన తీరు ముచ్చటగా ఉంటుంది కాని, మీరు అనుకరించకుండా తిన్నగా పాడండి.

మైకును ఐస్‌క్రీమ్ కోనులా నిలువుగా పట్టుకోకుండా నోటికి ఎదురుగా, తల భాగాన్ని అరచేతితో మూయకుండా పట్టుకోండి. భావ వ్యక్తీకరణలో గొంతు హెచ్చుతగ్గులకు మార్కులుంటాయి కనుక, చరణం పాడేటప్పుడు మైకును నాలుగు వేళ్ళ దూరం జరిపి, సబి రాగానే దగ్గరకు తెచ్చుకునేవాళ్ళను అక్కడ చాలామందిని చూస్తారు. వాద్యాల ధ్వని కాస్త తగ్గిస్తే మీ గొంతు మీకు వినబడుతుంది. ఇవన్నీ మొదటిసారే సహోద్యోగుల ముందు ప్రయత్నించవద్దు. మధ్యాహ్నం పూట గది అద్దె తక్కువగా ఉంటుంది, ఒంటరిగా వచ్చి పాడుకునేవారిని ఎవరూ వింతగా చూడరు. దానికి వాళ్ళ భాషలో హితోకరా అనే పేరే ఉంది. ఒక గంట తీసుకుని, ఒకే పాటను మూడు వేర్వేరు కీలలో పాడి, మూడు మార్కులనూ ఫోనులో ఫోటో తీసుకోండి.