సముద్రం చూడని ఊరి నుంచి డెల్టా దీవుల పరిశోధనకు

ప్రశ్న: మాది మక్తల్ దగ్గరి పల్లె. అమ్మాయి మహబూబ్‌నగర్‌లో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. తుపాన్లు, వరదల మధ్య డెల్టా దీవుల్లోని ఊళ్లు ఏ మేరకు నిలదొక్కుకోగలవో కొలిచే పరిశోధన చేస్తానంటోంది. మా ఇంట్లో ఎవరూ సముద్రం చూడలేదు. ఈ చదువుకు భవిష్యత్తు ఉందా? - ఒక తండ్రి

జవాబు: ఉంది, చదివించండి. కాకపోతే ఆ పని ఎలా ఉంటుందో ముందే తెలుసుకోవాలి.

పశ్చిమ బెంగాల్‌లో గంగ సముద్రంలో కలిసే చోట ఉన్న సుందర్‌బన్స్ దీవులనే తీసుకోండి. 2009 మే నెలలో ఐలా తుపాను వచ్చినప్పుడు కట్టలు తెగి పొలాల్లోకి ఉప్పునీరు చేరింది. నేల చవుడెక్కి వరి దెబ్బతింది. ఎందరో కేరళ, తమిళనాడులకు కూలికి వెళ్లారు. ఇలాంటి చోట పరిశోధకులు ఇంటింటికీ తిరిగి తాగునీరు, ఆదాయం, అప్పులు, తుపాను హెచ్చరిక అందిందా లేదా, షెల్టర్ ఎంత దూరం వంటివి అడుగుతారు. జవాబులన్నిటినీ సున్నా నుంచి ఒకటి వరకు ఉండే అంకెలుగా మార్చి, దేనికెంత ప్రాధాన్యమో నిర్ణయించి, ఊరు ఏ మేరకు తట్టుకోగలదో చెప్పే అంకెను, అంటే ఊరికొక సూచీని, తయారు చేస్తారు. లెక్క కంప్యూటర్ చేస్తుంది. ప్రాధాన్యం నిర్ణయించడమే కష్టం.

వలస సంగతి చూడండి. ఇంట్లో ఒకరు పనికోసం వేరే చోటికి వెళ్తే కొన్ని సూచీలు దాన్ని బలహీనతగా లెక్కిస్తాయి. కానీ తుపాను తర్వాత ఇంటిపైకప్పు మళ్లీ వేయించేది చాలాచోట్ల వాళ్లు పంపిన డబ్బే. మరి అది బలమా, బలహీనతా? మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని బొంబాయి వెళ్లినవాళ్లను, తాత నాయనమ్మల దగ్గర మిగిలిన పిల్లలను చూస్తూ పెరిగిన పాలమూరు అమ్మాయికి, వెళ్లారా లేదా అన్న ఒక్క ప్రశ్న చాలదని తెలుసు. ఎవరు వెళ్లారు, ఏ షరతు మీద వెళ్లారు, ఎన్ని నెలలకు తిరిగొచ్చారు అని ఆమె అడుగుతుంది. ఆ అనుభవానికి నేను చాలా విలువిస్తాను.

పైగా కృష్ణ తెలంగాణలోకి వచ్చేది మీ వైపు నుంచే. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడంతో దిగువన డెల్టాకు చేరే మట్టి తగ్గింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు వేలమందిని పోగొట్టుకున్న దివిసీమ ఆ నది పాయల మధ్యే ఉంది.

ఇక చదువు. తెలంగాణలో పీజీ ఉమ్మడి ప్రవేశపరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేయడం నాకు నచ్చిన దారి. విపత్తుల నిర్వహణలో పీజీ కోసం ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఉంది. ఉపగ్రహ చిత్రాలు చదవడం డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా నేర్పుతుంది. మ్యాపులు తయారు చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌కూ డబ్బు కట్టనక్కర్లేదు.

ఉద్యోగాల విషయం దాచను. మొదట్లో దొరికేవి చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలం ఉండే కొలువులే. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయవచ్చు, కాబట్టి పీజీ మొదటి ఏడాది నుంచే దానికి సిద్ధం కావాలి.

తొలి పరిశోధనకు మాత్రం సుందర్‌బన్స్ వద్దు. అక్కడ బెంగాలీ రాకపోతే ప్రతి ఇంట్లో దుబాసీ మీద ఆధారపడాలి. దివిసీమలోనో, కోనసీమ లంకల్లోనో అయితే ఆ ఇళ్ల ఆడవాళ్లతో అమ్మాయే నేరుగా మాట్లాడగలదు.