గిటార్ ప్రాసెసర్ స్క్రీన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేయించాలా, అక్రిలిక్ కవర్ బిగించాలా?

లైన్ 6 హీలిక్స్ ఎల్‌టీ (నేల మీద పెట్టి కాలితో నడిపే గిటార్ ప్రాసెసర్) సెకండ్ హ్యాండ్‌లో కొన్నానని, చర్చి వర్షిప్‌లోనూ బయట ఆర్కెస్ట్రా ప్రోగ్రాముల్లోనూ వాయిస్తానని, స్టేజి మీద కాలు తగిలి స్క్రీన్ పగులుతుందేమోనని భయంగా ఉందని రాశారు. ముందు సమాధానం చెప్పేస్తాను. మామూలు పీఈటీ ఫిల్మ్ (పలచటి ప్లాస్టిక్ పొర) ఒకటి కొలత ప్రకారం కత్తిరించి అంటించండి. బ్యాగులో పెట్టేటప్పుడు పైన వేసే గట్టి మూత ఒకటి చేయించుకోండి. టెంపర్డ్ గ్లాస్ జోలికి వెళ్ళకండి. అక్రిలిక్ కవర్ కొందరికి నిజంగానే కావాలి, దాని సంగతి కింద రాశాను.

కాలు గురించి అందరూ భయపడతారు గానీ ఎల్‌టీలో స్క్రీన్ పై భాగంలో ఉంటుంది. దాని కింద ఆరు నాబ్‌ల వరస, ఆ కింద రెండు వరసల ఫుట్‌స్విచ్‌లు. కాలు కింది నుంచి వస్తుంది కాబట్టి స్క్రీన్ దాకా రావాలంటే నాబ్‌లు దాటాలి. స్క్రీన్లు పాడయ్యేది ఎక్కువగా ఇసుకతో, ఆ ఇసుక మీద వేసే గుడ్డతో.

వినాయక చవితి పందిట్లో స్టేజి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. చెక్క బల్లల మీద పరిచిన తివాచీ, దాని నిండా ఊరి జనం చెప్పుల దుమ్ము. కీబోర్డు స్టాండు మీద ఎత్తులో ఉంటుంది, డ్రమ్స్ రైజర్ మీద ఉంటాయి, గిటార్ ప్రాసెసర్ ఒక్కటే నేల మీద ఉంటుంది. హారతి అయ్యాక కుంకుమ, అక్షింతలు, పూలరేకులు దాని మీదే. హుషారు పాట రాగానే కాగితం ముక్కల బ్లాస్టర్ పేలుస్తారు. ఎవరో ప్రసాదం పొట్లం తెచ్చి ఖాళీగా కనపడింది కదా అని దాని పక్కనే పెడతారు. పాటకీ పాటకీ మధ్య స్క్రీన్ మసకగా ఉందని గిటారిస్టు వంగి, జేబులోంచి కర్చీఫ్ తీసి పొడిగా గట్టిగా ఒక్క తుడుపు తుడుస్తాడు. గీత పడేది అక్కడ. ఇసుకలో ఉండేది క్వార్ట్జ్. మోస్ కొలతలో దాని గట్టిదనం 7, మామూలు గాజుది 5.5 చుట్టుపక్కల. ప్లాస్టిక్‌లు అంతకంటే చాలా మెత్తన. ఒక్క రేణువు గుడ్డ కింద ఇరుక్కుంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత వస్తుంది. విశాఖ బీచ్ ఒడ్డున ప్రోగ్రాం అయితే ఇసుకకి ఉప్పుగాలి కూడా తోడు.

కాబట్టి ఫిల్మ్ ఉన్నా లేకపోయినా ఈ పద్ధతి పాటించండి. ముందు రబ్బరు బల్బు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాత మెత్తటి బ్రష్‌తో అంచుల దగ్గర దులపాలి, చివరికి కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ బరువు వేయకుండా ఒకే దిక్కుగా లాగాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. ఏ ద్రవమైనా గుడ్డ మీదే వేయాలి, యూనిట్ మీద కొట్టకూడదు. కారితే నేరుగా నాబ్‌ల సందుల్లోకి దిగుతుంది.

ఇక ఆ "9హెచ్" గోల. ఆన్‌లైన్‌లో ప్రతి గ్లాసు మీదా "9హెచ్, వజ్రమంత గట్టిది" అని రాసి అమ్ముతున్నారు. 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనం. ఆ పరీక్ష పైపూత మీద పెన్సిల్ గీసి చేస్తారు. 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని మాత్రమే దాని అర్థం. వజ్రానికి మోస్ కొలతలో 10 ఉంటుంది, ఆ రెండు కొలతలకీ సంబంధం లేదు. తెలిసి కూడా అలా రాసి అమ్మడం కొనేవాళ్ళని మోసం చేయడమే.

టెంపర్డ్ గ్లాస్ వద్దనడానికి ఎల్‌టీ విషయంలో ఇంకా గట్టి కారణాలున్నాయి. దాని స్క్రీన్ 6.2 ఇంచులు, 800 x 480 పిక్సెళ్ళు. లెక్క వేస్తే సుమారు 135 x 81 మి.మీ. వస్తుంది. ఈ కొలతకి ఫోన్ గ్లాసుగానీ టాబ్లెట్ గ్లాసుగానీ సరిపోదు. మొబైల్ షాపులో "7 ఇంచులది కోసి ఇస్తాం" అంటే నమ్మకండి, టెంపర్ చేసిన గాజుని ఆ తర్వాత కోయలేరు, కోస్తే మొత్తం ముక్కలైపోతుంది. కారు స్టీరియోల 7 ఇంచుల గ్లాసు పెడితే అంచులు బయటికి పొడుచుకొస్తాయి. అలా పైకి లేచిన అంచుకి బూటు కొన తగిలితే మొదట మూల చిట్లుతుంది, ఆ చిట్లు లోపలికి పాకుతుంది. పైగా ఎల్‌టీది టచ్ స్క్రీన్ కాదు, ఎడిటింగ్ ఎక్కువగా నాబ్‌లు, జాయ్‌స్టిక్‌తోనే. వేలికి నున్నగా తగలాలన్న అవసరమే లేనప్పుడు గాజు ఎందుకు?

క్వాడ్ కార్టెక్స్, హెడ్‌రష్ పెడల్‌బోర్డు లాంటి వేరే ప్రాసెసర్లు వాడేవాళ్ళకి లెక్క వేరు. అవి 7 ఇంచుల టచ్ స్క్రీన్లు. సరిగ్గా ఆ మోడల్ కొలతకే చేసిన 0.3 మి.మీ. గ్లాసు దొరికితే వేసుకోవచ్చు, కానీ మొత్తం ఉపరితలానికీ జిగురు ఉన్నది కావాలి. అంచులకే జిగురున్న రకంలో మధ్యలో గాలి పొర మిగిలి టచ్ మొండికేస్తుంది. వాటి పైన 3 మి.మీ. అక్రిలిక్ పెడితే ఇక టచ్ చచ్చిపోయినట్టే.

ఫిల్మ్ అంటించడం గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే నూటికి తొంభై మంది పాడుచేసేది ఇక్కడే. 10 ఇంచుల టాబ్లెట్‌కి అమ్మే మ్యాట్ పీఈటీ ఫిల్మ్ కొనండి, అందులోంచి మీకు కావలసిన ముక్క ధారాళంగా వస్తుంది. మ్యాట్ ఎందుకంటే స్టేజి లైట్లు పైనుంచి పడతాయి, నిగనిగలాడే ఫిల్మ్‌లో ప్యాచ్ (సేవ్ చేసుకున్న సౌండ్ సెట్టింగ్) పేరు బదులు పార్‌లైటు కనపడుతుంది. అక్షరాలు కాస్త మసకబడతాయి, కానీ నిలబడి చూసే దూరంలో తేడా తెలియదు. నేను చెప్పిన కొలతని నమ్మి కోసేయకండి. ట్రేసింగ్ కాగితం స్క్రీన్ మీద పరిచి అంచు గీసుకుని, ముందు కాగితం ముక్క కోసి అమర్చి చూడండి. నాలుగు వైపులా అర మిల్లీమీటరు తగ్గించండి. అంచు మీదికి ఎక్కిన ఫిల్మ్ వారంలో లేస్తుంది. మూలల్ని 2, 3 మి.మీ. గుండ్రంగా తిప్పండి, చదరంగా వదిలేస్తే మొదట లేచేది ఆ మూలే.

యూనిట్ ఆఫ్ చేసి, కరెంటు కేబుల్ తీసి, చల్లారనివ్వండి. ఫ్యాను, ఏసీ ఆపేయండి. బాత్రూంలో వేడినీళ్ళు కాసేపు వదిలి, ఆవిరి తగ్గాక అక్కడ పని చేస్తే గాలిలో దుమ్ము కిందికి దిగి ఉంటుంది. నేల ఆరాకే యూనిట్ లోపలికి తీసుకెళ్ళండి. స్క్రీన్‌ని పైన చెప్పినట్టు తుడిచి, మిగిలిన నలకల్ని సెల్లోటేపు అద్ది తీయండి. ఇప్పుడు ఫిల్మ్ వెనక కాగితం తీయకుండానే స్క్రీన్ మీద సరిగ్గా పెట్టి, పొడవాటి అంచు ఒకదాన్ని రెండు చోట్ల మాస్కింగ్ టేపుతో పట్టించండి. అది కీలులా పని చేస్తుంది. ఫిల్మ్ ఎత్తి, టేపున్న వైపు నుంచి వెనక కాగితాన్ని 2 సెం.మీ. మాత్రమే ఒలిచి ఆనించండి. గుడ్డ చుట్టిన ఏటీఎం కార్డుతో మధ్య నుంచి బయటికి నొక్కుతూ, కాగితాన్ని కొద్దికొద్దిగా లాగుతూ పోవాలి. మొత్తం ఒకేసారి ఒలిచి పడేస్తే బుడగలు ఖాయం.

చిన్న గాలి బుడగలు ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే పోతాయి. మధ్యలో చుక్క కనపడే బుడగ దుమ్ముది, అది పోదు. ఆ వైపు మూల ఎత్తి, జిగురు వైపు సెల్లోటేపు అద్ది నలకని లాగేసి మళ్ళీ దించాలి. వేలితో తీయబోతే వేలిముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది. టీపీయూ (సాగే ప్లాస్టిక్) ఫిల్మ్‌లకి షాంపూ నీళ్ళు చిలకరించి అంటించే పద్ధతి వీడియోల్లో చూపిస్తుంటారు. నాబ్‌లు, జాయ్‌స్టిక్ రంధ్రాలు పక్కనే ఉన్న ఈ యూనిట్ మీద ఆ పని దయచేసి చేయకండి.

అక్రిలిక్ కవర్ ఎవరికి కావాలంటే, స్టేజి మీద గెంతేవాళ్ళకి, మైక్ స్టాండు పక్కనే వాయించేవాళ్ళకి, చీకట్లో పాయింటెడ్ బూట్లతో పై వరస స్విచ్‌లు తొక్కేవాళ్ళకి. నేమ్‌బోర్డులు చేసే షాపులో లేజర్ కటింగ్‌తో 3 మి.మీ. అక్రిలిక్ చక్కగా కోసిస్తారు. దెబ్బకి ఆగేది మాత్రం పాలీకార్బొనేట్. అక్రిలిక్ పదునైన ముక్కలుగా పగులుతుంది, పాలీకార్బొనేట్ వంగుతుంది. దాన్ని ఆ లేజర్‌తో కోయిస్తే అంచులు కాలి పసుపు రంగుకి తిరుగుతాయి, రంపంతోగానీ రౌటర్ అనే కోత మెషీన్‌తోగానీ కోయించాలి. స్క్రీన్‌కీ కవర్‌కీ మధ్య 5 మి.మీ. ఖాళీ ఉంచండి, వంగినా తగలకూడదు. నాబ్‌లు తిప్పడానికి వేళ్ళు పట్టేలా కవర్ కింది అంచుని నాబ్‌ల దాకా రాకుండా ఆపేయండి. బిగించడానికి కేసు స్క్రూలు తీసి పొడుగు స్క్రూలు వేయమని సలహా ఇస్తుంటారు. లోపలికి ఎంత దిగుతుందో చూడకుండా వేస్తే స్క్రూ కొన సర్క్యూట్ బోర్డుకి తగిలే ప్రమాదం ఉంది. ఊడదీసి మళ్ళీ పెట్టుకునే గట్టి వెల్క్రో చాలు. అక్రిలిక్‌ని స్పిరిట్‌తో తుడిస్తే సన్నటి పగుళ్ళు వస్తాయి, పాలీకార్బొనేట్‌కి అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ పడదు. రెండింటికీ సబ్బు నీళ్ళే.

బ్యాగు విషయం ఎవరూ అడగరు, నాకు అన్నిటికంటే బాధ అదే. వేల రూపాయల యూనిట్‌ని బ్యాగులో పెట్టి, దాని మీదే కేబుళ్ళు చుట్టి పడేస్తారు. ఆటోలో కుదుపులకి జాక్ కొన స్క్రీన్ మీద నాట్యం చేస్తుంది. కేబుళ్ళు వేరే అరలోనే పెట్టాలి. యూనిట్ పైకొలతకి ఒక పలచటి ప్లైవుడ్ ముక్క కోయించి, కింద అంచుల వెంట ఫోమ్ పట్టీలు అంటించండి. ఆ పట్టీల ఎత్తు అన్నిటికంటే ఎత్తైన నాబ్ కంటే కనీసం 5 మి.మీ. ఎక్కువ ఉండాలి, అప్పుడు బరువు నాబ్‌ల మీద పడకుండా కేసు అంచుల మీద పడుతుంది. ఎక్స్‌ప్రెషన్ పెడల్ (వాయిస్తూ కాలితో వాల్యూం లాంటివి మార్చేది) ఉన్న వైపు విడిగా కొలిచి అక్కడ గాడి తీయించండి. డెక్‌సేవర్ లాంటి కంపెనీల పాలీకార్బొనేట్ మూత మీ మోడల్‌కి దొరికితే ఇంకా మంచిదే, కానీ అది ప్రయాణానికి, వాయించేటప్పుడు తీసేయాలి.

ఫిల్మ్ మీద గీతలు పెరిగి ప్యాచ్ పేర్లు చదవడం కష్టమైనప్పుడు మార్చేయండి. తీసేటప్పుడు నిలువుగా పైకి లాగకండి. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో కాసేపు పెట్టి, ఒక మూల గోరుతో లేపి, ఫిల్మ్‌ని దాని మీదికే మడిచినట్టు స్క్రీన్‌కి ఆనించి నిదానంగా వెనక్కి లాగితే జిగురు మరక లేకుండా వస్తుంది. మరక మిగిలితే తీసిన ఫిల్మ్ జిగురు వైపునే దాని మీద అద్ది అద్ది ఎత్తండి, చాలావరకు అదే లాగేసుకుంటుంది.