కేదార్‌కంఠ వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండకి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. వాడికి టెన్షన్‌గా ఉంది, నాకైతే సంతోషంగా ఉంది. తాళ్లు పట్టుకుని ఎక్కే కొండ కాదది, అంతా నడకే. అలాగని తేలిగ్గా తీసుకోకు. నడక మొదలయ్యే సాంక్రీ ఊరు రెండు వేల మీటర్ల లోపే ఉంటుంది, శిఖరమేమో 3,810.

ట్రెడ్‌మిల్ మీద నడిస్తే చాలదు. ఈలోగా ఓసారి అలిపిరి వెళ్లి ఆ 3,550 మెట్లూ ఎక్కు. దర్శనమయ్యాక అందరిలా బస్సెక్కకుండా మెట్ల దారినే దిగు. ఎక్కుడులో ఊపిరి అందదు, దిగుడులో తొడలు వణుకుతాయి. ఆ వణుకు ముందే అలవాటవ్వాలి.

నేను వెళ్లినప్పుడు పైన ఏమీ కాలేదు. దిగేటప్పుడే బొటనవేలి గోరు నల్లబడి, నెల తిరక్కుండా ఊడింది. లేసు వదులుగా ఉంటే పాదం ముందుకు జారి, అడుగడుక్కీ గోరు బూటుకి గుద్దుకుంటుంది. రెండు రోజుల ముందే గోళ్లు తీసుకో. దిగే ముందు ఓ రాయి మీద కూర్చుని, మడమని వెనక్కి నొక్కిపెట్టి, చీలమండ దగ్గర లేసు బిగించి కట్టు.

శిఖరానికి వెళ్లే రోజు రాత్రి రెండు మూడింటికే లేపుతారు. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకో. గడ్డ పైభాగంలో కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు మిగులుతాయి. ఫోన్ జాకెట్ లోపల ఉండాలి, చలికి ఛార్జింగ్ ఇట్టే పోతుంది. కాటన్ బనీను వద్దు. చెమటకి తడిస్తే ఆరదు, ఆగిన మరుక్షణం ఒణుకు.

పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడువు. తలనొప్పితో పాటు వాంతి వచ్చేలా ఉంటే గైడుకి చెప్పెయ్. మొహమాటపడి దాచుకోకు. కిందికి దిగడమే దానికి మందు.

పైన చిన్న త్రిశూలం ఉంటుంది, ఎదురుగా స్వర్గారోహిణి, బందర్‌పూంఛ్ శిఖరాలు. శివుడు అక్కడ తపస్సులో ఉంటే ఆవు మెడలో గంట చప్పుడుకి భంగమై కేదార్‌నాథ్ వెళ్లిపోయాడని అక్కడివాళ్లు చెబుతారు. ఇప్పటి బ్లూటూత్ స్పీకర్లు వింటే ఇంకెక్కడికి పోయేవాడో!

నా చేతికర్రలు అటక మీదున్నాయి, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. ఒకదాని బిగింపు జారుతోంది, స్క్రూ తిప్పించుకో.

పెదనాన్న