చెక్కు బౌన్స్ అయినంత మాత్రాన చీటింగ్ కేసు అవుతుందా?

ప్రశ్న: విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో నాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. అనకాపల్లిలోని ఒక ఇనుము వ్యాపారి దగ్గర రెండేళ్లుగా అరువు మీద షీట్లు, యాంగిల్స్ తెచ్చుకుంటున్నాను. బాకీ 4,80,000 రూపాయలకు చేరినప్పుడు ఆయన అడిగితే, ఆ మొత్తానికి తేదీ వేయకుండా చెక్కు ఇచ్చాను. ఆ తర్వాత ఫోన్‌పేలో విడతలుగా 1,50,000 రూపాయలు కట్టాను. గత నెల ఆయన తేదీ వేసుకుని చెక్కును పూర్తి మొత్తానికే బ్యాంకులో వేశారు, నా ఖాతాలో డబ్బు లేక తిరిగి వచ్చింది. వారం క్రితం లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో అందింది. ఇప్పుడు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ చేసి, 420 కింద ఫిర్యాదు వచ్చింది రమ్మంటున్నారు. నన్ను అరెస్టు చేస్తారా?

జవాబు: మీరు స్టేషన్ నుంచి వచ్చిన ఫోనుకు భయపడుతున్నారు గానీ, మీ విషయంలో అంతకన్నా తొందరగా చూసుకోవలసింది ఆ లాయరు నోటీసును. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, నోటీసు అందిన 15 రోజుల లోపు చెక్కు మొత్తం చెల్లించకపోతేనే అది నేరమవుతుంది. అందిన రోజును వదిలేసి మర్నాటి నుంచి లెక్క వేసుకోవాలి. అంటే మీ చేతిలో ఇంకా ఒక వారం మిగిలి ఉంది. ఆ గడువు దాటాక ఒక నెల లోపు ఆయన మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు దాఖలు చేసుకోవచ్చు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే ఇది బెయిల్ ఇవ్వదగిన నేరం. దీనిలో పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టడానికి వీలు లేదు.

అందుకే చాలామంది ఫిర్యాదుదారులు చీటింగ్ దారి పడతారు. అందరి నోళ్లలో నానిన 420 పాత భారత శిక్షాస్మృతి లోనిది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318(4) వచ్చింది, శిక్ష ఏడేళ్ల వరకు ఉంటుంది, ఇది నాన్ బెయిలబుల్. కానీ చీటింగ్ నిలబడాలంటే, సరుకు తీసుకున్న నాడే మీకు ఎగ్గొట్టే ఉద్దేశం ఉందనీ, మిమ్మల్ని నమ్మి మోసపోయే ఆయన సరుకు ఇచ్చారనీ తేలాలి. మీ కథలో బాకీ ముందు పుట్టింది, చెక్కు తర్వాత వచ్చింది, అంటే ఆ చెక్కును చూసి ఆయన సరుకు ఇవ్వలేదు. రెండేళ్ల లావాదేవీలు, చెక్కు ఇచ్చిన తర్వాత కూడా మీరు కట్టిన విడతలు మీ వైపే మాట్లాడతాయి. అప్పటికే మూసేసిన ఖాతా చెక్కు ఇచ్చినా, సంతకం కావాలని మార్చి పెట్టినా సంగతి వేరుగా ఉండేది. చెక్కు తిరిగి వచ్చినందుకు 138 కింద ఒక కేసు, మోసానికి వేరే కేసు నడపడానికి సుప్రీంకోర్టు 2012లో అభ్యంతరం చెప్పలేదు కనుక, రెండూ కలిసి రావన్న ధీమా మాత్రం పెట్టుకోవద్దు.

స్టేషనుకు వెళ్ళండి, తప్పించుకు తిరగకండి. ఎఫ్ఐఆర్ నమోదైందా లేదా అని మర్యాదగానే అడగండి. నమోదైతే, పోలీసు దర్యాప్తు, అరెస్టు, బెయిలు పద్ధతులను చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద మీకు రాతపూర్వక నోటీసు ఇచ్చి పిలవాలి. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో కారణాలు రాయకుండా యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు భయం నిజంగా ఉంటే అదే సంహిత 482వ సెక్షన్ కింద ముందస్తు బెయిలు కోరవచ్చు. ఎఫ్ఐఆర్‌లో మోసపు ఉద్దేశం ఛాయలు కూడా లేకపోతే, దాన్ని కొట్టివేయమని అమరావతిలోని హైకోర్టును 528వ సెక్షన్ కింద ఆశ్రయించవచ్చు. డబ్బు వసూలు చేసిపెట్టడం పోలీసుల పని కాదు. బల్ల దగ్గర కూర్చోబెట్టి "ఇక్కడే సెటిల్ చేసుకోండి" అంటే, కొత్త చెక్కులు గానీ, ఖాళీ కాగితం మీద సంతకం గానీ ఇవ్వకండి. ఇలాంటి కేసుల్లో జనం ఎక్కువగా చిక్కుకుపోయేది ఆ ఒక్క సంతకం దగ్గరే.

ఇక అసలు డిఫెన్సు సంగతి. తేదీ నేను వేయలేదు, సెక్యూరిటీ కోసం మాత్రమే ఇచ్చాను అన్న వాదనలు కోర్టులో పెద్దగా నిలవవు. సంతకం మీదని ఒప్పుకుంటే, మిగతా వివరాలు అవతలివారు నింపినా బాకీ ఉందన్న భావన 139వ సెక్షన్ కింద ఫిర్యాదుదారుకే అనుకూలంగా ఉంటుందని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పింది. ఆ భావనను మీరు ఖండించాలి, అయితే సందేహానికి తావు లేనంతగా కాదు, మీ మాట నమ్మదగినదనిపిస్తే చాలు. మీకు బలమైన ఆధారం మరొకటి ఉంది. చెక్కు ఇచ్చాక కొంత సొమ్ము చెల్లించినప్పుడు, ఆ సంగతి చెక్కు మీద రాయించకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే, వేసిన నాటికి చెక్కు మీదున్న అంకె చట్టబద్ధమైన బాకీ కాదు గనుక 138 వర్తించదని 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మీ బాకీ 3,30,000 రూపాయలైతే, చెక్కు 4,80,000కు పడింది.

కానీ ఆయన లాయరు ఊరుకోడు. ఆ 1,50,000 వేరే బిల్లులకు వచ్చిందని, చెక్కు నాటి బాకీ అలాగే ఉందని అంటాడు. ఖాతా మీద సరుకు నడిచే వ్యాపారంలో ఇది చాలా మామూలు ఎత్తుగడ. కాబట్టి ఫోన్‌పే చెల్లింపుల యూటీఆర్ నంబర్లు (ప్రతి లావాదేవీకి వచ్చే గుర్తింపు సంఖ్యలు), బ్యాంకు స్టేట్‌మెంటు, జీఎస్టీ ఇన్‌వాయిసులు, ఆయన పంపిన లెడ్జర్ కాపీ ఏదైనా ఉంటే అది, వాట్సాప్ సందేశాలు ఇప్పుడే సేకరించండి. చెల్లించిన తేదీల తర్వాత కొత్త సరుకు ఎంత తీసుకున్నారన్నదే ప్రశ్నల్లో మొదటిది అవుతుంది. అది నిజాయితీగా మీ లాయరుకు చెప్పండి.

వారం లోపు నోటీసుకు జవాబు పంపించండి. ఏ తేదీన ఎంత చెల్లించారో రాసి, మిగిలినది ఎంతో రాయించండి. సొమ్ము సమకూరితే ఆ 3,30,000ను డిమాండ్ డ్రాఫ్ట్‌గా జవాబుతోపాటే పంపించడం మేలు, అప్పుడు క్రిమినల్ కేసుకు పునాది దాదాపు పోతుంది. సమకూరకపోతే వాయిదాలు అడగవచ్చు గానీ, పూర్తి చెక్కు మొత్తం బాకీ ఉందని పొరపాటున ఒప్పుకునే వాక్యం జవాబులో ఉండకూడదు. క్రిమినల్ కేసు పోయినంత మాత్రాన బాకీ పోదు, ఆయన సివిల్ దావా వేసుకోవచ్చు.

కేసు దాఖలైతే అది మీ ఖాతా ఉన్న గాజువాకలో కాక, ఆయన ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులో నడుస్తుంది, 2015 సవరణ నుంచి నియమం అదే. ఆయన ఖాతా అనకాపల్లిలో ఉంటే సమన్లు అక్కడి నుంచి వస్తాయి. విచారణలో మీరు నేరం ఒప్పుకోకపోతే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారంగా కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. అది తప్పనిసరి కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, కాబట్టి మీ చెల్లింపు రుజువులు ఆ దశలోనే చూపించాలి. ఈ కేసులో ఎప్పుడైనా రాజీ పడవచ్చు, లోక్ అదాలత్‌లో కూడా. వాయిదాకు మాత్రం తప్పక హాజరు కండి, లేకపోతే బెయిలు దొరికే కేసులోనే వారంటు పుట్టి, అప్పుడు నిజంగా పోలీసులు మీ షెడ్డు దగ్గరకు వస్తారు.