చలికాలంలో బైకు నడపడానికి హీటెడ్ గ్లోవ్స్: బ్యాటరీవి వద్దు, బండికి కలిపేవి తీసుకోండి

లీడ్స్‌లో ఉంటూ 125 సీసీ బండి మీద రోజూ హారొగేట్‌కు పనికి వెళ్లే ఒక మిత్రుడు ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: "ఇంగ్లండ్‌లో ఇది నా మొదటి చలికాలం. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. హీటెడ్ గ్లోవ్స్ కొందామనుకుంటున్నాను. బ్యాటరీతో పనిచేసేవి మంచివా, బండికి వైరుతో కలిపేవి మంచివా?"

హీటెడ్ గ్లోవ్సే కొనాలనుకుంటే బండికి కలిపే 12 వోల్టులవి తీసుకోండి. అయితే వాటికి డబ్బు పెట్టే ముందు మీ ఛాతీకి, మెడకు గాలి తగలకుండా చూసుకోండి. ఈ రెండో మాట మీరు అడగలేదు. కానీ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే, ఎందుకంటే దాన్ని పక్కన పెట్టి గ్లోవ్స్ ఒక్కటే కొన్నవాళ్లు వాటిని తిట్టుకుంటూ మూలన పడేయడం నేను చాలాసార్లు చూశాను.

నేను షెఫీల్డ్‌లో ఉంటాను. గ్లాసప్ దాటాక ఉన్న ఒక ఆసుపత్రిలో ఉద్యోగం. దారి ఏ57, అంటే ఇక్కడ అందరూ స్నేక్ పాస్ అని పిలిచే కొండ రోడ్డు. లేడీబవర్ జలాశయం ఒడ్డున వంతెన దాటి, లోయ వెంట పైకి ఎక్కి, సుమారు 510 మీటర్ల ఎత్తున బోడి మైదానం మీదుగా వెళ్లి, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ గ్లాసప్‌లోకి దిగుతుంది. మంచు పడితే రోడ్డు మూసేస్తారు. మూయని రోజుల్లోనే, ఒకటి రెండు డిగ్రీల దగ్గర, తడిగాలి కొడుతూ ఉండే ఆ పొద్దులే చేతులకు అసలు పరీక్ష. జనవరిలో ఇక్కడ తెల్లవారేసరికి ఎనిమిది దాటుతుంది కాబట్టి ఉదయం డ్యూటీకి వెళ్లడమంటే చీకట్లో బయలుదేరడమే.

అలాంటి ఒక పొద్దున నా చేతులకు ఉన్నవి మా బావగారు పుట్టినరోజుకు కొనిచ్చిన బ్యాటరీ గ్లోవ్స్. పెట్టె మీద ఆరు గంటల వేడి అని పెద్ద అక్షరాలతో ఉంది. మొదటి చలికాలం బాగానే పనిచేశాయి. ఇది రెండోది. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచినవే తొడుక్కుని బయలుదేరాను. లేడీబవర్ దగ్గర బటన్ నొక్కి ఎక్కువ వేడికి పెట్టాను, ఎర్ర దీపం వెలిగింది. లోయ దాటి పైకి ఎక్కుతుండగా ఎడమచేతి దీపం ఆరిపోయింది, కాసేపటికి కుడిచేతిదీ ఆరిపోయింది. రోడ్డు పైభాగానికి చేరేసరికి వేడి పూర్తిగా పోయింది. దిగుడు మొదలయ్యాక, అంటే బ్రేకు, క్లచ్ ఎక్కువగా వాడవలసిన చోట, చేతి బొటనవేలు ఇండికేటర్ స్విచ్ మీద ఉందో పక్కన ఉందో నాకు తెలియలేదు. తల వంచి కళ్లతో చూసుకోవలసి వచ్చింది. ముందు బ్రేకు మీద రెండు వేళ్లు వేశాను, అవి ఎంత గట్టిగా నొక్కుతున్నాయో వేళ్లు చెప్పడం మానేశాయి. బండి ముందుభాగం కిందికి కుంగడాన్ని బట్టే ఎంత బ్రేకు పడిందో ఊహించుకుంటూ ఒక మలుపు దిగాను. ఆ తరువాత కనబడిన మొదటి ఖాళీ జాగాలో ఆపేశాను.

పళ్లతో పట్టుకుని గ్లోవ్స్ లాగి చూస్తే వేళ్లు రెండో కణుపు దాకా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఇలాంటప్పుడు వేడి ఇంజిన్ మీదో సైలెన్సర్ మీదో చేతులు పెట్టడం చాలామంది చేసే పని. అది చాలా ప్రమాదం, స్పర్శ లేని వేలు కాలుతున్నా మనకు తెలియదు. జాకెట్ జిప్ కిందికి లాగి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. నెత్తురు తిరిగి వచ్చేటప్పుడు ఆ పోటు భరించడం కష్టం. ఆసుపత్రికి చేరాక యూనిఫాం గుండీలు నేను పెట్టుకోలేకపోయాను, తోటి నర్సు పెట్టింది. చేతులు వెచ్చగా ఉండటం సుఖం కోసం కాదనీ, బ్రేకు పనిచేయడానికి ఎంత అవసరమో అంత అవసరమనీ నేను పదే పదే చెప్పేది ఇందుకే.

పెట్టె మీది ఆరు గంటల లెక్క ఎలా వచ్చిందో చూడండి. ఈ రకం గ్లోవ్స్‌లో సాధారణంగా ఒక్కో చేతికి 7.4 వోల్టుల లిథియం బ్యాటరీ ఉంటుంది. అది 2,200 మిల్లీ ఆంపియర్ అవర్లది అయితే మొత్తం శక్తి సుమారు 16 వాట్ అవర్లు. పూర్తి వేడిలో చేయి 8 వాట్లు లాగితే, కొత్త బ్యాటరీ అయినా, గది వెచ్చదనంలో అయినా, రెండు గంటలతో సరి. ఆరు గంటలు అన్నది అతి తక్కువ వేడి దగ్గర కొలిచిన లెక్క. ఆ వేడి గోరువెచ్చగా కూడా అనిపించదు. పైగా లిథియం బ్యాటరీ చలిలో తన శక్తిని పూర్తిగా ఇవ్వదు, వయసు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది, ఈ గ్లోవ్స్‌లో దాని చోటేమో సరిగ్గా మణికట్టు దగ్గర, గాలికి ఎదురుగా. కొనేవాడికి పూర్తి వేడిలో ఎంతసేపు వస్తుందన్నదే కావాలి, ఆ ఒక్క అంకె మాత్రం పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇప్పటికే బ్యాటరీ గ్లోవ్స్ ఉన్నవాళ్లు వాటిని గడ్డకట్టే చలిలో ఉన్న గరాజ్‌లో చార్జింగ్ పెట్టకండి. సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జి చేస్తే లిథియం సెల్ లోపల శాశ్వతంగా పాడవుతుంది.

ఇక ఛాతీ సంగతి. రెండు డిగ్రీల చలిలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, వాతావరణ శాఖలు వాడే విండ్ చిల్ సూత్రం ప్రకారం, బయటికి ఉన్న చర్మానికి అది సుమారు మైనస్ ఏడు డిగ్రీల చలితో సమానం. ఒళ్లు ఆ చలికి చల్లబడటం మొదలైతే శరీరం ముందుగా గుండెను, ఊపిరితిత్తులను కాపాడుకుంటుంది, దానికోసం వేళ్లకు వెళ్లే సన్నని రక్తనాళాలను బిగించేస్తుంది. నెత్తురు రాని వేలికి బయటి నుంచి ఎంత వేడి పెట్టినా అది చర్మం దగ్గరే ఆగిపోతుంది. అదే ఛాతీ వెచ్చగా ఉంటే మామూలు గ్లోవ్స్‌లో కూడా చేతులు చాలాసేపు తట్టుకుంటాయి. మా నాన్నగారు ఇంద్రవెల్లి వైపు ఒక పల్లెటూరి బడిలో పంతులుగా పనిచేసేవారు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ నుంచి స్కూటర్ మీద బయలుదేరే ముందు చొక్కాకూ స్వెటర్‌కూ మధ్య దినపత్రికను నాలుగు మడతలు వేసి ఛాతీ మీద పెట్టుకునేవారు. చేతులకు ఉన్నవి మామూలు ఉన్ని గ్లోవ్సే. గాలిని ఛాతీ దగ్గరే ఆపాలన్న సూత్రం ఆ కాగితంలోనే ఉంది. మీరు దినపత్రిక పెట్టుకోనక్కర్లేదు. జాకెట్ కింద గాలి దూరని పలుచని పొర ఒకటి, మెడ చుట్టూ గుడ్డ గొట్టం ఒకటి, జాకెట్ మణికట్టు దగ్గర సందు లేకుండా పట్టీ, ఈ మూడింటికీ కలిపి గ్లోవ్స్ అంత ఖరీదు కాదు. ముందు ఇవి కొనండి. పెద్ద బండి ఉన్నవాళ్లు 12 వోల్టుల హీటెడ్ వెస్ట్ (జాకెట్ కింద తొడుక్కునే, చేతులు లేని వేడి కోటు) వేసుకుంటే ఇంకా మంచిది, నేను అదే వేసుకుంటాను. మీ 125కు ఆ భారం ఎక్కువ కావచ్చు.

భారం అంటే ఏమిటో చెబుతాను. బండికి కలిపే గ్లోవ్స్ జత పూర్తి వేడిలో సుమారు 25 నుంచి 30 వాట్లు తీసుకుంటుంది. చాలా బైకుల హాలోజన్ హెడ్‌లైటు 55 వాట్లు కాబట్టి దానిలో ఇంచుమించు సగం అన్నమాట. చాలా 125లు దీన్ని తట్టుకుంటాయి, కానీ నమ్మకంతో కాదు, వోల్టేజీ కొలిచే మీటరుతో తేల్చుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌లైటూ గ్లోవ్సూ రెండూ వేసి, బ్యాటరీ కొనల దగ్గర వోల్టేజీ చూడండి. ఇంజిన్ కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడు పదమూడున్నర, పద్నాలుగు వోల్టుల దగ్గర నిలబడితే నిశ్చింతగా వాడుకోవచ్చు. పదమూడుకు దిగువన ఉండిపోతే బ్యాటరీ నుంచి ఖర్చవుతోందని అర్థం. అప్పుడు వేడి సగానికి తగ్గించుకోవాలి, లేదా సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు ఆర్పేయాలి. చిన్న ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఉత్పత్తి చేసే కరెంటు చాలా తక్కువ.

గ్లోవ్స్‌తో పాటు వచ్చే ఫ్యూజు ఉన్న వైరును నేరుగా బ్యాటరీకే కలిపించండి. నా పాత బండికి ఒక మెకానిక్ శ్రమ తగ్గుతుందని వెనక దీపానికి వెళ్లే సన్నని వైరు నుంచి కరెంటు తీసి ఇచ్చాడు. ఒక వాన రాత్రి ఫ్యూజు పోయి, గ్లోవ్స్‌తో పాటు వెనక దీపం కూడా ఆరిపోయింది. నా వెనక లారీ వస్తోంది. కాబట్టి మీరు దగ్గర నిలబడి వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో చూడండి. సీటు కింద నుంచి ట్యాంకు పక్కగా వచ్చే తీగ హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పినా బిగుసుకోకూడదు. దిగేటప్పుడు మరిచిపోయి నడిచినా తెగిపోకుండా ప్లగ్గు తనంతట తాను ఊడి రావాలి. జాకెట్ చేతుల్లోంచి వైరు పోనివ్వడం మొదటి వారం విసుగ్గా ఉంటుంది. తరువాత దానిని జాకెట్‌లోనే వదిలేస్తారు కాబట్టి పని కాదు.

ఇప్పుడు గ్లోవ్స్ విషయం. దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ బైకు గ్లోవ్స్ అని అమ్మే వాటిలో కొన్ని నిజానికి మంచు మీద స్కీయింగ్‌కు వాడేవి. పడినప్పుడు మనం ముందు ఆనించేది అరచేతినే. ఆ గుడ్డ తారు రోడ్డు మీద క్షణంలో చిరిగిపోతుంది. లోపలి చీటీ మీద ఈఎన్ 13594 అనే ప్రమాణం సంఖ్య, బైకు బొమ్మ ఉన్నాయేమో చూడండి. వేళ్ల కణుపుల రక్షణను పరీక్షించి ఉంటే కేపీ అనే అక్షరాలు కూడా ఉంటాయి. అవి లేని వాటిని ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా ముట్టుకోకండి. ఇక్కడే నా ఇంకో అసంతృప్తి కూడా చెప్పాలి. ఈ దేశంలో హెల్మెట్ మీద వ్యాట్ సున్నా, గ్లోవ్స్ మీద మాత్రం 20 శాతం. అరచేతి చర్మం తలకంటే తక్కువదే కావచ్చు, కానీ చలికి పట్టుతప్పిన చేయి తలనూ ప్రమాదంలో పెడుతుందని లెక్కలు వేసేవాళ్లకు తోచకపోవడం అన్యాయం.

వేడి తీగలు చేతి వెనక వైపు, ప్రతి వేలి పక్కలకూ కొనల దాకా వెళ్లాలి. గాలి కొట్టేది అటే. కొన్ని చౌక రకాల్లో తీగ చేతి వెనక ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది, అప్పుడు మణికట్టు కాలుతుంటే గోళ్లు మొద్దుబారతాయి. దుకాణంలోనే తొడుక్కుని ఒక బండి మీద కూర్చోండి. వేళ్లను లీవర్ చుట్టూ వంచినప్పుడు కొనలు గుడ్డకు ఒత్తుకోకూడదు, బిగుతు వల్ల రక్తం ఆగిపోతే కరెంటు వృథా. అలాగని మరీ వదులుగా ఉంటే వేడి చర్మానికి చేరదు. వేడి మార్చే బటన్‌ను రెండో చేతి గ్లోవ్‌తోనే నొక్కగలగాలి. యార్క్‌షైర్ వానలు తెలిసినవే కాబట్టి లోపల నీరు దూరని పొర తప్పనిసరి. తడిసిన గ్లోవ్స్‌కు ఎంత కరెంటు ఇచ్చినా అది నీళ్లను ఆరబెట్టడానికే పోతుంది. ఇవన్నీ ఉన్నవి ఇక్కడ సుమారు 100 నుంచి 250 పౌండ్ల మధ్య దొరుకుతాయి.

హ్యాండిల్ గ్రిప్పులకు వేడి పెట్టించుకుంటే సరిపోదా అని కొందరు అంటారు. అవి అరచేతిని వేడి చేస్తాయి, వేళ్ల వెనక వైపు అలాగే గడ్డకడుతుంది. కానీ డెలివరీ పని చేసే కుర్రాళ్ల బళ్లకు హ్యాండిల్ మీద పెద్ద సంచుల్లా కనబడే మఫ్‌లు ఉంటాయి చూడండి, వాటితో కలిపితే గ్రిప్పులు అద్భుతంగా పనిచేస్తాయి. చూడటానికి బాగుండవని వాటిని వద్దనేవాళ్లతో నేను ఎప్పుడూ ఒప్పుకోను. 125కు మఫ్‌లు, మంచి మామూలు గ్లోవ్స్ చాలామందికి చాలు. అవి పెట్టి రెండు వారాలు తిరిగాక కూడా వేళ్లు మొద్దుబారితే అప్పుడు వైరు గ్లోవ్స్‌కు వెళ్లండి. లోపల స్విచ్‌లు చేతికి అందుతున్నాయా, మఫ్ బ్రేకు లీవర్‌ను నొక్కుతోందా అన్నది మాత్రం బండి కదలకముందే చూసుకోవాలి.

షుగరు వల్ల చేతుల స్పర్శ తగ్గినవాళ్లు పూర్తి వేడి పెట్టి మరిచిపోకూడదు, చర్మం నెమ్మదిగా కాలినా తెలియదు. చలికి వేళ్లు మొదట తెల్లగా, తరువాత నీలంగా, చివరికి ఎర్రగా మారుతుంటే అది రేనాడ్స్ అనే సమస్య కావచ్చు. గ్లోవ్స్ కంటే ముందు జీపీని, అంటే మీ పేరు నమోదై ఉన్న మామూలు డాక్టరును కలవండి. ఆసుపత్రిలో ఇలాంటివాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

మీ బండి ఏ కంపెనీది, ఏ సంవత్సరపుది, హెడ్‌లైటు హాలోజనా ఎల్ఈడీనా అన్నది కింద రాయండి. మీటరు పెట్టి చూసిన వోల్టేజీ కూడా రాస్తే, దానికి గ్లోవ్స్ ఒక్కటే పెట్టాలా, వెస్ట్ కూడా తట్టుకుంటుందా అన్నది చెబుతాను.