అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయా? మాండొలిన్ మీద చెవి పెట్టండి

అమెరికా పల్లె సంగీతం బ్లూగ్రాస్‌లో పది పాటలు వినేసరికి అన్నీ ఒకటే బాంజో (తోలు బిగించిన తంత్రీవాద్యం) మోతలా ఉన్నాయని మీరు రాశారు. నాకూ మొదట్లో అంతేనండి. యాప్ ఇచ్చే ప్లేలిస్టులు మానేసి, ఒక్క మనిషిని పట్టుకుని వినండి.

ముందు బిల్ మన్రో, మాండొలిన్ వాయిస్తూ పాడేవారు. ఊరు అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో. ఆ సంగీతానికి పేరే ఆయన బృందం బ్లూ గ్రాస్ బాయ్స్ నుంచి వచ్చింది. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ చేరి మూడు వేళ్లతో బాంజో వాయించడంతో ఇప్పుడు మనం వింటున్న రూపం కుదిరింది. 1946, 47 నాటి రికార్డింగులు వెతకండి. ఒకసారి మాండొలిన్‌నే గమనించండి, బీటు మధ్యలో టక్కు టక్కుమంటుంది. డ్రమ్స్ లేవు కదా, ఆ పనీ అదే చేస్తుంది. మన పాలకొల్లు శ్రీనివాస్ గారు మాండొలిన్ మీద వాయించిన కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇదీ మాండొలినేనా అనిపిస్తుంది! రెండోసారి ఫిడేలు. అదే పాట కొత్తగా ఉంటుంది.

వేగం విసుగనిపిస్తే డాక్ వాట్సన్ గిటార్‌కి వెళ్లండి. పాత జానపదం కావాలంటే హ్యారీ స్మిత్ కూర్చగా 1952లో ఫోక్‌వేస్ రికార్డుల కంపెనీ విడుదల చేసిన సంకలనం ఉంది, 84 రికార్డింగులు. 1920లు, 30ల నాటివి కాబట్టి గరగర తప్పదు, నాకైతే హెడ్‌ఫోన్స్‌లో కన్నా స్పీకర్లోనే బాగుంటాయి.

ఏది నచ్చిందో చెప్పండి, దాన్నిబట్టి ఇంకొన్ని పంపిస్తాను.