గీత కనపడదు, చిల్లు కనపడుతుంది

బొమ్మల బడి: మీ ప్రశ్నలు, నా జవాబులు

బడిపిల్లలతో తోలుబొమ్మల పని గురించి పోయిన నెల రాశాక ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు, ఆరు తీసుకున్నాను. నేనెవరని అడిగినవాళ్ళకు ఒక్క మాట. నేను బొమ్మలాట కుటుంబంలో పుట్టలేదు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినదాన్ని. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఒక పెద్దాయన పక్కన రెండు వేసవులు కూర్చుని ఉలి పట్టడం నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఒక రేకు ట్రంకుపెట్టె మోసుకుని బడి బడికీ తిరుగుతున్నాను.

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఏడో తరగతిలో 46 మంది ఉన్నారు. డ్రాయింగ్ టీచర్ లేరు, డబ్బులూ లేవు. పిల్లల చేత తోలుబొమ్మలాట ఆడించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయుడు, కదిరి

జవాబు: మాస్టారూ, ఒక్క పీరియడ్లో అయ్యే పని కాదు. నాలుగు కావాలి, వాటిలో రెండు పక్కపక్కన ఉండాలి. లెక్కల మాస్టారిని ఒకటి అడగండి. కోణాలూ నిష్పత్తులూ ఇందులోనూ వస్తాయని చెప్పండి, అబద్ధమేం కాదు.

సామాను ఇళ్ళలోంచే వస్తుంది. పాత శుభలేఖలు తెమ్మనండి, మన ఊళ్ళలో వాటికి కరువా? దారం, బొమ్మను పట్టుకోవడానికి కొబ్బరి చీపురు ఈనెలు, ఒక తెల్ల పంచె, మీ ఫోన్ టార్చి. కత్తెరలు పన్నెండు చాలు, నలుగురికి ఒకటి. కత్తెర కోసం ఎదురుచూసే పిల్లాడే పక్కవాడి బొమ్మలో తప్పు ముందుగా కనిపెడతాడు.

మొదటి రోజు బొమ్మ మాటే ఎత్తొద్దు. కిటికీలు మూసి, పంచెను తెరలా కట్టి, వెనక టార్చి పెట్టి పిల్లల్ని చేతులు ఆడించనివ్వండి. చెయ్యి దీపం దగ్గరికి వెళ్తే నీడ పెద్దదై మసకబారుతుంది, తెరకు ఆనిస్తే చిన్నదై గీసినట్టు వస్తుంది. పది నిమిషాల్లో వాళ్ళే చెప్తారు. మన ఆటగాళ్ళు బొమ్మను తెరకు ఆనించి ఎందుకు ఆడిస్తారో అప్పుడు అడగండి. ట్యూబులైటు మాత్రం ఆపేయండి, దాని పొడుగు వెలుతురుకు నీడ తేలదు. వెనకటివాళ్ళు ఆముదం దీపాలతో ఆడించారు. మీ ఫోన్ టార్చి కూడా చిన్న వెలుగే కాబట్టి పనికొస్తుంది.

రెండో రోజు గీయడం, కత్తిరించడం. ఇక్కడ మీకు నోరు ఊరుకోదు, జాగ్రత్త. ఒక బడిలో ఓ పాప, ఆటలో నవ్వించే బంగారక్కను గీసింది. కాటుక కన్ను, రెప్పవెంట్రుకలు, ముక్కుపుడక, అన్నీ పెట్టింది. కత్తిరించి తెర వెనక పెడితే నల్లటి ముద్ద! "కన్నేది టీచర్?" అంది. నేను మాట్లాడలేదు. బొమ్మను ఇటు తిప్పింది, అటు తిప్పింది, వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత కంపాస్ పెట్టెలోంచి వృత్తలేఖిని తీసి ఆ ముల్లుతో కంటిపాప మీద పొడిచింది. మళ్ళీ తెర దగ్గరికి వెళ్ళింది. నల్లటి ముఖంలో మినపగింజంత వెలుగు చుక్క పడింది. వెనక బెంచీ నుంచి ఎవడో "రేయ్, చూస్తోంది రా!" అని అరిచాడు. ఆ తర్వాత క్లాసులో ముళ్ళకు కొట్లాట. నగలకు చిల్లులు, చీర అంచుకు చిల్లులు, హాస్యగాడు కేతిగాడి బొజ్జకు కూడా చిల్లులు. తోలు మీద ఉలితో వరసలు వరసలుగా చిల్లులు కొట్టే పెద్దాయన చేసేదీ ఇదే. గీత నీడలో కనపడదు, చిల్లు కనపడుతుంది. ఈ మాట నేను ముందే బోర్డు మీద రాసి ఉంటే అందరూ నోట్సులో ఎక్కించుకుని ఊరుకునేవాళ్ళు.

మూడో రోజు కీళ్ళు. భుజం ముక్కా చెయ్యి ముక్కా వేలెడు మేర ఒకదాని మీద ఒకటి రావాలి, ఆ మధ్యలో చిల్లు. దారం దూర్చి రెండు పక్కలా ముడి వేయాలి. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, మరీ వదిలేస్తే పక్షవాతం వచ్చినట్టు వేలాడుతుంది. ఎంత వదలాలో మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను, వేళ్ళకు తెలియాలంతే. కనీసం మూడుసార్లు విప్పి కట్టుకుంటారు. ఆ టైము ఇవ్వండి.

రంగు నీడ కావాలంటే అట్ట పనికిరాదు. తెల్ల కాగితం మీద ముందు స్కెచ్ పెన్నులతో రంగులు వేయించి, ఆ తర్వాతే దూదితో కొబ్బరినూనె పల్చగా రాయించండి. వరస తిరగబడితే నూనె మీద రంగు పట్టదు. రాత్రంతా పాత పేపర్ల మధ్య పెడితే అద్దంలా వస్తుంది. (పక్కన నోటుబుక్కులు ఉంచకండి. ఇంట్లో తిట్లు మీకే.)

నాలుగో రోజు ఆట. అది మీ సొంత పొలం. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు, నవ్వించే ఈ ముగ్గురి చేత మీ ఊరి సంగతులే మాట్లాడించండి. యుద్ధం వస్తే కింద చెక్కపలక వేసి కాళ్ళతో తొక్కమనండి, అసలు ఆటగాళ్ళూ అంతే చేస్తారు. పక్క క్లాసు టీచరుకు మాత్రం ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా బాబు అయిదో తరగతి, ప్రైవేటు స్కూలు. ఆర్ట్ వర్క్‌షాప్ అని ఫీజు కట్టించుకున్నారు. వాడు తెచ్చిన బొమ్మకు ఒక కాలు పొడుగు, ఒకటి పొట్టి. పక్క ఫ్లాటు పాప స్కూల్లో చేసినవి షోరూంలో పెట్టినట్టు ఉంటాయి. మాకు డబ్బులు దండగేనా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, పక్క ఫ్లాటు పాప బొమ్మను ఒకసారి దగ్గరగా చూడండి. పదేళ్ళ పిల్లల చేతి కత్తెర మూల తిరిగేచోట తడబడుతుంది, అంచు కాస్త కొరికినట్టు ఉంటుంది. అంచు నున్నగా ఉందంటే పెద్దవాళ్ళ చెయ్యి పడిందనే నా అనుమానం. ఆ పాప గట్టిదైతే నా తప్పు కాయండి.

నేనూ ఆ పని చేసినదాన్నే కాబట్టి అంటున్నాను. మొదట్లో ఒక బడిలో మర్నాడే వార్షికోత్సవం. ఒక అబ్బాయి హనుమంతుడికి తోక పీచులు పీచులుగా కత్తిరించాడు. టెన్షన్‌లో వాడి చేతిలోంచి కత్తెర లాక్కుని రెండు నిమిషాల్లో చక్కగా గుండ్రంగా తీర్చి ఇచ్చాను. మర్నాడు ఆ బొమ్మకే చప్పట్లు కొట్టారు. సాయంత్రం గది సర్దుతుంటే బెంచీ మీదే ఉంది హనుమంతుడు, వాడు ఇంటికి తీసుకెళ్ళలేదు. మిగతా 30 మందీ వంకర టింకర బొమ్మల్ని చొక్కాల్లో దాచుకుని మరీ పట్టుకెళ్ళారు. ఆ హనుమంతుడు ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉన్నాడు. అప్పటి నుంచి పిల్లల కత్తెర ముట్టుకోలేదు.

మీ వాడి బొమ్మ కాళ్ళ సంగతి వాణ్ణే అడిగి చూడండి. కుంటివాడని చెప్తాడో, పరిగెత్తుతున్నాడని చెప్తాడో. డబ్బులు దండగో కాదో ఆ జవాబులో తెలుస్తుంది.

ప్రశ్న: మా స్కూలుకు మూడు రోజులు ఒక కళాకారుణ్ణి పిలుద్దామనుకుంటున్నాం. ఏమివ్వాలి? రూల్స్ ఒప్పుకుంటాయా?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు, నల్గొండ

జవాబు: రూల్స్ ఎప్పుడో ఒప్పుకున్నాయి, మనమే పిలవడం లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళలు నేర్పే పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాసి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం స్థానిక కళలు తెలిసినవాళ్ళను బడికి పిలిచి నేర్పించమంది. ఆ మూడు తరగతులకే పది రోజులు పుస్తకాల సంచీ లేని బడి పెట్టి, కుమ్మరి, వడ్రంగి, కళాకారుల దగ్గర పని నేర్పించమనీ చెప్పింది. ఆ పది రోజుల్లోంచే మూడు తీయండి.

ఇచ్చేది ఎంతో ఆయన్నే అడగండి. రోజు కూలి, దారి ఖర్చు, సామాను, మూడూ విడివిడిగా రాసుకోండి. సామాను ఖర్చు కూలిలో కలిపేస్తే చివరికి ఆయన చేతికి మిగిలేది శాలువా. శాలువాలు నా దగ్గర పదకొండు ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

ఇంకొకటి. ఆయన పాఠం చెప్తుంటే మీ టీచరు కూడా పిల్లలతో పాటు కింద కూర్చుని బొమ్మ చేయాలి, స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దుకోకూడదు. లేకపోతే నాలుగో రోజు ఆయనతో పాటే కళ కూడా బస్సెక్కి వెళ్ళిపోతుంది.

ప్రశ్న: మాది బొమ్మలాట కుటుంబం. తాతల నాటి రామాయణం బొమ్మలున్నాయి. ఇప్పుడు ల్యాంపు షేడ్లు చేసి బతుకుతున్నాం. ఒక స్కూలు వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. గొడవ గొడవ. గంట మాట్లాడినా ఎవరూ వినలేదు. మళ్ళీ వెళ్ళాలంటే భయంగా ఉంది.
– ఒక యువకుడు, కాకినాడ దగ్గర నుంచి

జవాబు: బాబూ, గంట మాట్లాడితే నేనూ విననయ్యా. మీ నాన్నగారు నిన్ను కూర్చోబెట్టి తోలుబొమ్మల చరిత్ర చెప్పారా? తోలు చేతికిచ్చి గీకమని ఉంటారు. బడిలోనూ అంతే. లోపలికి వెళ్ళగానే నమస్కారం కూడా తర్వాత, ముందు దీపం వెలిగించి, నాలుగడుగుల బొమ్మను తెరకు ఆనించి ఒక్కసారి నడుము విరువు. గొడవ దానంతటదే ఆగుతుంది. తర్వాత అయిదు నిమిషాలు మాట్లాడి, చేతికి పని ఇచ్చెయ్.

తాతల బొమ్మలు మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు. తోలు ఎండిపోయి ఉంటుంది, మడతపడితే పగులుతుంది. పాడైన ముక్క ఒకటి విడిగా తీసుకెళ్ళు, తాకి చూడ్డానికి, వాసన చూడ్డానికి. ఒక మేకతోలు వెనక ఉన్న దీపం వెలుగు కనపడేంత పల్చగా ఎలా అయిందని వాళ్ళే అడుగుతారు. ఆ ప్రశ్నకు నీకు తెలిసినంత జవాబు ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

ప్రశ్న: మా బడిలో తోలు బొమ్మలు వద్దని కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయిని, నెల్లూరు

జవాబు: నేను పిల్లల చేత చేయించేది అట్టతో, కాగితంతోనే. తోలుబొమ్మ చూడ్డానికి మాత్రమే తీసుకెళ్తాను. ముట్టుకోవాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. ఆ తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పండి, చాలావరకు సర్దుకుంటారు. సర్దుకోనివాళ్ళను మీ బడి సంగీతం క్లాసులో మృదంగమో తబలానో దేనితో చేస్తారని నెమ్మదిగా అడగండి. రాముడు, సీత ఉన్న బొమ్మలివి. వాటిని చేసేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఇబ్బంది పడేవాళ్ళతో మాత్రం నేను నెమ్మదిగా మాట్లాడలేను, అది మీరే చూసుకోవాలి.

ప్రశ్న: నేను ఆరో తరగతి. రావణుడి బొమ్మ చేశాను. పది తలలు పెడితే పక్కకు ఒరిగిపోతున్నాడు. ఇరవై చేతులూ కదలాలా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: నాన్నా, బరువంతా పైన పెట్టావు కదా, ఒరగడూ మరి! ఈనె తీసేసి, సన్నటి వెదురుపుల్ల నడి తల నుంచి పాదం దాకా నిలువునా కట్టు. అడుగున పట్టుకోవడానికి జానెడు వదులు. ఒక పక్క అయిదు తలలు, ఇంకో పక్క నాలుగు వస్తాయి కాబట్టి అయిదున్న వైపు కాస్త చిన్నవి చెయ్. తలలన్నీ పక్కకు చూస్తుంటే తలకు ఒక్క కన్నే, పది చిల్లులతో సరిపోతుంది. చేతుల్లో రెండే కదలాలి, మిగతా పద్దెనిమిదీ ఒళ్ళుతో కలిపి ఒకే అట్టలో కత్తిరించు. ఇరవై కదిపితే ఆడించడానికి నీకూ ఇరవై చేతులు కావాలి.

తలల్ని విడివిడిగా జిగురుతో అతికించొద్దు, ఆట మధ్యలో ఊడిపోతాయి. ఒకవేళ ఊడినా ఆట ఆపకు. రాముడి బాణం తగిలిందనుకుంటారు.